చేతితో చేసిన సబ్బు నాణ్యత, ఇంట్లో చేసుకునే పరీక్షలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇళ్లలో సబ్బు చేసేవాళ్లూ, కొని వాడేవాళ్లూ ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ముఖ్యమైన కొలతలు గ్రాముల్లో ఇచ్చాం. నూనే కాదు, నీళ్లు కూడా తూచే పోయాలి. గ్లాసుతో కొలిచి పోస్తే ఒకసారి వచ్చిన సబ్బు ఇంకోసారి రాదు.

మంచి సబ్బును ఎలా గుర్తుపట్టాలి? నురగ బాగా వస్తే చాలదా?

చాలదు. వట్టి కొబ్బరి నూనెతో చేసిన సబ్బుకు నురగ పొంగి పొర్లుతుంది. కానీ ఒంటి మీదున్న సహజమైన జిడ్డునంతా లాగేస్తుంది. స్నానం అయ్యాక చేతి మీద గోటితో గీస్తే తెల్లగీత పడుతుంది. నూనెను సబ్బుగా మార్చడానికి కలిపే ఘాటైన క్షారం కాస్టిక్ సోడా. ముందు చూడాల్సింది సబ్బులో అది మిగిలిపోయిందా లేదా అన్నది. ఆ తర్వాతే గట్టిదనం, మీ ఇంటి కొళాయి నీళ్లలో నురగ, కడుక్కున్నాక చర్మం తీరు, ఆరు నెలలకైనా కనరు వాసన రాకుండా ఉండటం. మొదటిది తప్పిందంటే మిగతావి ఎంత బాగున్నా ఆ సబ్బు ఒంటికి రాయకూడదు.

దుకాణం సబ్బు అట్ట మీద టీఎఫ్‌ఎం శాతం ఉంటుంది. చేతి సబ్బుకు అది ఎంత ఉండాలి?

టీఎఫ్‌ఎం అంటే సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం. భారత ప్రమాణం ఐఎస్ 2888 టాయిలెట్ సబ్బులను మూడు గ్రేడులు చేసింది. మొదటి గ్రేడుకు కనీసం 76 శాతం, రెండో గ్రేడుకు 70, మూడో గ్రేడుకు 60 ఉండాలి. బేతింగ్ బార్ అని రాసి ఉంటే అది ఐఎస్ 13498 కిందికి వస్తుంది, దానికి 40 శాతం చాలు. అందుకే దుకాణంలో కొనేటప్పుడు అట్ట మీద టాయిలెట్ సబ్బు అని ఉందా, బేతింగ్ బార్ అని ఉందా అన్నది తప్పక చదవాలి.

చేతి సబ్బుకు ఈ లెక్కను గుడ్డిగా వర్తింపజేయకూడదు. కిలో నూనె సబ్బుగా మారినప్పుడు దాదాపు 100 గ్రాముల గ్లిజరిన్ పుడుతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో సాధారణంగా దాన్ని విడదీసి వేరే అమ్ముకుంటారు. ఇంటి సబ్బులో అది అలాగే ఉండిపోతుంది. గ్లిజరిన్ కొవ్వు లెక్కలోకి రాదు కాబట్టి బాగా ఆరిన ఇంటి సబ్బు కూడా 70, 75 మధ్యే తేలుతుంది. ఆ లోటు నాసిరకానికి గుర్తు కాదు. ఒంటికి మెత్తదనం ఇచ్చేది ఆ గ్లిజరినే.

ఇక్కడ దొరికే నూనెలతో నమ్మకంగా కుదిరే కొలత చెప్పండి.

కిలో నూనెకు ఇది:

కొబ్బరి నూనె 300 గ్రాములు
పామాయిల్ 350 గ్రాములు
తవుడు నూనె 250 గ్రాములు
ఆముదం 100 గ్రాములు
కాస్టిక్ సోడా 143 గ్రాములు
నీళ్లు 286 గ్రాములు

కొబ్బరి నురగనూ గట్టిదనాన్నీ ఇస్తుంది. పామాయిల్ సబ్బు త్వరగా అరిగిపోకుండా నిలబెడుతుంది. తవుడు నూనెతో మెత్తదనం వస్తుంది. ఆముదం నురగను చిక్కగా నిలుపుతుంది, కానీ వంద గ్రాములు దాటితే సబ్బు జిగురుగా తయారవుతుంది.

143 ఎలా వచ్చిందో తెలిస్తే కొలతలు మీరే మార్చుకోగలరు. ఒక గ్రాము నూనె పూర్తిగా సబ్బు కావడానికి కావాల్సిన కాస్టిక్ కొబ్బరికి 0.183 గ్రాములు, పామాయిల్‌కు 0.142, తవుడు నూనెకు 0.133, ఆముదానికి 0.128. నువ్వుల నూనెకు 0.134, వేరుశనగ నూనెకు 0.137. పై కొలతకు వీటిని గుణించి కూడితే 150.65 వస్తుంది. అందులో 5 శాతం తగ్గిస్తే 143. ఆ 5 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగిలి చర్మానికి రక్షణ అవుతుంది, తూకంలో చిన్న పొరపాటు జరిగినా కాస్తుంది. మీ కాస్టిక్ 98 శాతం స్వచ్ఛమైనదైతే ఈ మిగులు దాదాపు 7 శాతం అవుతుంది, అదీ మంచిదే. కొబ్బరి నూనె తీసేసి అదే బరువు నువ్వుల నూనె పోసి కాస్టిక్‌ను మాత్రం మార్చకపోతే ఎక్కువైన కాస్టిక్ సబ్బులోనే ఉండిపోతుంది. సబ్బు కాల్చడానికి మేం చూసిన కారణాల్లో ఎక్కువ సార్లు కనిపించేది ఇదే.

ఒక గ్రాము తేడా చూపే కాటా తప్పనిసరి. కాస్టిక్ పలుకులు గాలిలో చెమ్మ పీల్చుకుంటాయి. మన వానాకాలంలో మూత తీసి పది నిమిషాలు ఉంచినా పైన తడి తేలుతుంది. గడ్డకట్టిన పాత డబ్బాతో లెక్క సరిపోదు, కొత్తది తెచ్చుకోండి.

కలిపే పద్ధతి ఏమిటి?

కాస్టిక్‌ను నీళ్లలో వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు, ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. రక్షణ కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పిల్లలు తిరగని చోట, కిటికీ తెరిచి కలపండి. స్టీలు గిన్నె వాడాలి. సత్తు గిన్నె, అంటే అల్యూమినియం, అసలు పనికిరాదు. కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువు వదులుతుంది.

కలపగానే ద్రావణం 80, 90 డిగ్రీలకు చేరుతుంది. నూనెలూ ఇదీ రెండూ 35 నుంచి 40 డిగ్రీల దగ్గరికి వచ్చాక నూనెలో పోయాలి. మే నెలలో బెజవాడలో గది వేడే 40 దాకా ఉంటుంది కాబట్టి అది తనంతట తాను చల్లారదు. నీళ్లలో సగాన్ని ఐసు ముక్కలుగా గడ్డకట్టించి వాడండి, గిన్నెను చన్నీళ్ల బేసిన్‌లో పెట్టండి. బేసిన్ నీళ్లు గిన్నెలోకి పడకుండా చూసుకోవాలి.

హ్యాండ్ బ్లెండర్‌ను ఐదు సెకన్లు తిప్పి, ఆపి, గరిటెతో కలిపి, మళ్లీ తిప్పండి. మిశ్రమం పల్చటి గంజిలా అయ్యి, గరిటె నుంచి జారిన ధార పైన గీతలా క్షణం నిలిస్తే అదే పదును. అప్పుడు సువాసన నూనె కలిపి అచ్చులో పోయాలి. మరునాటికి కోయొచ్చు. 110 గ్రాముల ముక్కలు పన్నెండు, పదమూడు వస్తాయి.

కాస్టిక్ మీద పడితే?

వెంటనే కొళాయి కింద పెట్టి కనీసం 20 నిమిషాలు ధారగా కడగాలి. బట్టకు అంటితే ఆ బట్ట విప్పేయాలి. వెనిగర్, నిమ్మరసం చర్మం మీద పోయొద్దు. కంట్లో పడినా, మింగినా 108కి ఫోన్ చేయండి. కంటిని నీళ్లతో కడుగుతూనే ఉండాలి. మింగినవారిచేత వాంతి చేయించకూడదు, వస్తూ గొంతును రెండోసారి కాలుస్తుంది.

ఎన్ని వారాలు మగ్గబెట్టాలి? కాస్టిక్ పోవడానికేనా?

కాస్టిక్ పని చాలావరకు మొదటి రెండు రోజుల్లోనే అయిపోతుంది. మగ్గబెట్టేది నీళ్లు ఆరడానికి, సబ్బు లోపలి అమరిక గట్టిపడటానికి. మాగని సబ్బు మంచిదే అయినా పది రోజుల్లో కరిగి జావ అవుతుంది, ఒంటికీ కాస్త గరుకుగా అనిపిస్తుంది.

ఎండాకాలంలో నాలుగు వారాలు, జూలై నుంచి నవంబరు దాకా ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టుకోండి. కానీ వారాలకంటే కాటా మాట నమ్మకమైనది. మూడు ముక్కల మీద తేదీ గీసి వారం వారం తూచండి. 110 గ్రాముల ముక్క 97, 99 మధ్యకు వచ్చి, వారంలో గ్రాము కూడా తగ్గకపోతే మాగినట్టు. వానాకాలంలో బరువు పెరిగిందంటే సబ్బు గాలిలో చెమ్మ తాగుతోందన్నమాట. దాన్ని చూసి మాగిందనుకోకండి. ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు సందు వదిలి, ఫ్యాను గాలి తగిలేలా, వెదురు తడక మీదో ప్లాస్టిక్ జల్లెడ మీదో పరవండి. ఇనుప జల్లెడ తాకిన చోట తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఎండలో పెట్టొద్దు.

కాస్టిక్ మిగిలిందో లేదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

తడి వేలితో సబ్బును రుద్ది, ఆ వేలిని నాలుక కొసకు తాకించండి. సబ్బు రుచి మాత్రమే ఉంటే సరే. బ్యాటరీ తాకినట్టు జివ్వుమంటే కాస్టిక్ ఉంది. వెంటనే నోరు పుక్కిలించండి. పోసిన మూడో రోజు ముందు ఇది చేయొద్దు. ముక్క కోసినప్పుడు లోపల తెల్లటి గట్టి పలుకులో, నీటి గుంటలో కనిపిస్తే నాలుక దాకా వెళ్లనేవద్దు, పక్కన పెట్టేయండి.

క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ ల్యాబు సామాను దుకాణాల్లో దొరుకుతుంది. దాని చుక్క సబ్బు మీద వేసి, గులాబీ రంగు చూసి భయపడేవాళ్లు చాలామంది. మంచి సబ్బు కూడా తడిలో క్షారమే. లేత గులాబీ రావడం సహజం, ముదురు మెజెంటా రంగు వస్తే అనుమానించాలి. ఖాయంగా తేల్చుకోవాలంటే నీళ్లకు బదులు ఆల్కహాల్ వాడాలి, ఎందుకంటే ఆల్కహాల్‌లో సబ్బు తన క్షార గుణం చూపదు, మిగిలిన కాస్టిక్ మాత్రమే చూపుతుంది. 5 గ్రాముల తురుమును 50 మిల్లీలీటర్ల తటస్థ ఆల్కహాల్‌లో వేడినీళ్ల గిన్నె మీద కరిగించి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేస్తారు. రంగు రాకపోతే కాస్టిక్ లేదు. వస్తే 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో రంగు పోయేదాకా చుక్కలు వేస్తారు. 5 గ్రాముల తురుముకు ఖర్చయిన ప్రతి మిల్లీలీటరు ఆమ్లానికి 0.08 శాతం కాస్టిక్ ఉన్నట్టు. ఆల్కహాల్ ఆవిరి మంట అంటుకునేది, స్టవ్ దగ్గర చేయకండి. కాలేజీ రసాయనశాలలో తెలిసినవాళ్లుంటే వాళ్లచేత చేయించడం మేలు.

పీహెచ్ 5.5 ఉన్న చేతి సబ్బు అని అమ్ముతున్నారు. నమ్మొచ్చా?

పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె, 7 దాటితే క్షారం. నూనె, కాస్టిక్ కలిపి చేసిన నిజమైన సబ్బు పీహెచ్ 9, 10.5 మధ్య ఉంటుంది. దాన్ని 5.5కు దించితే సబ్బు విడిపోయి కొవ్వు ఆమ్లాల ముద్దగా మారుతుంది, నురగ రాదు. కాబట్టి 5.5 అని నిజాయతీగా రాసుకున్నది వేరే డిటర్జెంటు పదార్థాలతో చేసిన బార్ అయి ఉండాలి. అది చెడ్డదని కాదు, కానీ అది సబ్బు కాదు. పేపరు పట్టీలతో కొలిచిన అంకెను మరీ పట్టుకు వేలాడకండి, సబ్బు నీళ్లలో అవి తరచూ తక్కువ చూపిస్తాయి.

మా ఇంట్లో బోరు నీళ్లు. సబ్బు నురగే రాదు, బకెట్టుకు తెల్ల తెట్టు కడుతుంది. సబ్బు తప్పా?

నీళ్ల తప్పు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని కరగని తెట్టుగా మారుస్తాయి. గుంటూరులో బోర్ల మీద ఆధారపడే కాలనీల్లో ఈ ఫిర్యాదు ఎక్కువ. కృష్ణా నీళ్ల కొళాయి ఉన్న ఇంట్లో అదే సబ్బు బాగా నురగ ఇస్తుంది. తేల్చుకోవడానికి మూడు ఒకేరకం సీసాలు తీసుకుని ఒక్కోదాంట్లో ఒక గ్రాము సబ్బు తురుము వేయండి. ఒకదాంట్లో బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్, ఒకదాంట్లో కొళాయి నీళ్లు, ఇంకోదాంట్లో బోరు నీళ్లు వంద మిల్లీలీటర్లు పోయండి. తురుము కరిగాక మూత పెట్టి ముప్పై సార్లు ఊపి నురగ ఎత్తును స్కేలుతో కొలవండి, ఐదు నిమిషాలాగి మళ్లీ కొలవండి. మొదటి సీసాలో బాగా లేచి బోరు సీసాలో పడిపోతే కారణం తెలిసినట్టే. మొదటి సీసాలోనూ లేవకపోతే నూనెల కూర్పు చూసుకోవాలి.

మందు సబ్బులోనే ఉంది. కిలో నూనెకు 10 గ్రాముల నిమ్మ ఉప్పు కాస్టిక్ కలపబోయే నీళ్లలో ముందే కరిగించండి. అది 6.2 గ్రాముల కాస్టిక్‌ను తినేస్తుంది కాబట్టి కాస్టిక్‌ను 143కు బదులు 149 చేయండి. అలా పుట్టే సోడియం సిట్రేట్ నీళ్లలోని కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది, తెట్టు తగ్గుతుంది. సబ్బు చేయడానికి మాత్రం బోరు నీళ్లు వాడనే వద్దు. అందులో ఇనుము ఉంటే సబ్బు త్వరగా కనరెక్కుతుంది.

సోప్ టెస్టింగ్ అని వెతికితే వెబ్ సర్వీసుల పాఠాలు వస్తున్నాయి. అదేమిటి?

ఆ సోప్ వేరు. రెండు కంప్యూటర్లు ఎక్స్‌ఎంఎల్ రూపంలో, అంటే సమాచారానికి గుర్తులు పెట్టి రాసే పద్ధతిలో, సందేశాలు మార్చుకునే విధానం పేరది. 1.2 వెర్షన్‌ను డబ్ల్యు3సి సంస్థ 2003లో ప్రమాణంగా ప్రకటించింది. పరీక్షించేవాళ్లు సర్వీసు వివరణ ఫైలైన డబ్ల్యుఎస్‌డిఎల్‌ను సోప్‌యుఐ లాంటి సాధనంలో తెరిచి, ముందు సరైన అభ్యర్థన పంపుతారు. తర్వాత ఒక గడి ఖాళీగా వదిలి, తప్పు తేదీ ఇచ్చి, హద్దు దాటిన అంకె పెట్టి పంపుతారు. జవాబు వచ్చిందంటే సరిపోదు, లోపల తప్పు జరిగిందని చెప్పే ఫాల్ట్ అనే భాగం ఉందేమో, ప్రతి గడీ నిర్వచించిన రకంలోనే ఉందో లేదో చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం అక్కడా నియమమే. నూనె, సువాసన, నీళ్లు మూడూ ఒకే విడతలో మార్చిన సబ్బు చెడిపోతే తప్పు దేనిదో ఎవరూ చెప్పలేరు.

పసుపు వేస్తే సబ్బు ఎర్రగా మారింది. పాడైందా?

పాడవలేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, ఇక్కడా జరిగింది అదే. క్షారం తగిలి పసుపు ఎర్ర గోధుమ రంగుకు తిరుగుతుంది, మగ్గేకొద్దీ ముదురు ఆవపిండి రంగుకు వస్తుంది. దుగ్గిరాల పసుపైనా అంతే. కిలో నూనెకు ఒక టీస్పూను చాలు, మించితే తువ్వాలుకు మరకలు అంటుతాయి. వేపాకు పొడి పచ్చదనమూ ఇలాగే నిలవదు, కొన్ని వారాలకు గోధుమ రంగవుతుంది. గులాబీ రేకులు నల్లబడి చూడ్డానికి బాగుండవు. బంతి రేకుల రంగు మాత్రం నిలుస్తుంది.

సున్నిపిండి అలవాటున్నవాళ్లు మెత్తటి పెసరపిండి ఒక పెద్ద చెంచా వేసుకోవచ్చు. పాలు కలపాలంటే నీళ్లకు బదులు గడ్డకట్టించిన పాలే వాడాలి. లేకపోతే పాలలోని చక్కెర కాస్టిక్ వేడికి మాడి నల్లబడుతుంది, అమోనియా వాసన కూడా వస్తుంది. ఆ వాసన మగ్గేలోపు పోతుంది. పచ్చి పండ్ల గుజ్జు వద్దు.

లవంగ నూనె వేయగానే గిన్నెలోనే గట్టిపడిపోయింది. ఎందుకు?

లవంగంలోని యూజెనాల్ సబ్బును క్షణాల్లో బిగిస్తుంది. కిలో నూనెకు 5 గ్రాములు మించకుండా, చివర్లో, బ్లెండర్ ఆపి గరిటెతోనే కలపండి. చర్మానికీ ఆ మోతాదు దాటకూడదు. మిగతా సువాసన నూనెలు సాధారణంగా 30 గ్రాముల దాకా, అదీ అమ్మేవారు చెప్పిన పరిమితికి లోబడి. అత్తరు అని చవగ్గా దొరికేవి సబ్బుకు సరిపడతాయన్న నమ్మకం లేదు. ముందు 100 గ్రాముల నూనెతో చేసి చూడండి.

పైన తెల్ల పొడి, చెమట చుక్కలు, నారింజ మచ్చలు. ఏది ప్రమాదం?

తెల్ల పొడి సోడా బూడిద. పచ్చి సబ్బు పైభాగానికి గాలి తగిలి ఏర్పడుతుంది. అచ్చు మీద మూత పెడితే తగ్గుతుంది, వచ్చినా తుడిచేయొచ్చు. చెమట చుక్కలు గ్లిజరిన్ లాగిన చెమ్మ. తుపాను రోజుల్లో చాలా సబ్బులకు పడుతుంది. బట్టతో ఒత్తి ఫ్యాను కింద పెట్టండి.

నారింజ మచ్చలకే మందు లేదు. నూనె గాలికి కనరెక్కిందనడానికి గుర్తు. వాడితే ఒళ్లు కాలదు కానీ వాసన భరించలేం, పక్క ముక్కలతో కలిపి ఉంచకండి. పొద్దుతిరుగుడు నూనె, మన గుంటూరు వైపు విరివిగా దొరికే పత్తి గింజల నూనె ఎక్కువైతే ఇది త్వరగా వస్తుంది, రెండూ కలిపి మొత్తం నూనెలో 15 శాతం దాటకూడదు. వేపుళ్లు చేసి మిగిలిన నూనెతో ఒంటి సబ్బు చేయొద్దు, గిన్నెల సబ్బుకైతే సరే. గానుగ నూనె మంచిదే, కానీ దాని తేదీ అడిగి తెచ్చుకోండి.

ఎండాకాలంలో అచ్చు మధ్యలో పగులు వచ్చి సబ్బు పైకి పొంగితే లోపల వేడి ఎక్కువైనట్టు. దుప్పటి కప్పొద్దు, అచ్చును ఫ్యాను కింద పెట్టండి. సబ్బు చెడదు, చూపుకు తప్ప. నూనె పైకి తేలి విడిపోతే మాత్రం పదును రాకముందే పోసినట్టు. గ్లౌజులు వేసుకుని తిరిగి గిన్నెలోకి తీసి సన్నటి మంట మీద ముద్ద అయ్యేదాకా కలిపి, మళ్లీ అచ్చులో నొక్కొచ్చు.

చేసినవి అమ్ముకోవచ్చా?

ఒంటి సబ్బు చట్టప్రకారం సౌందర్య సాధనం. అమ్మకానికి తయారుచేయాలంటే కాస్మెటిక్స్ రూల్స్, 2020 కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు కావాలి, ఇంటి వంటగదికి అది దొరకదు. లేబుల్ మీద పేరు, తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, తయారైన నెల, సంవత్సరం, ఏ తేదీలోపు వాడాలన్నది, కలిపిన పదార్థాలు, నికర బరువు, గరిష్ఠ ధర ఉండాలి. బరువు రాసేటప్పుడు మగ్గిన తర్వాతి తూకం రాయండి. కోసిన రోజు 110 ఉంది కదా అని అదే రాస్తే కొన్నవాడి చేతికి వెళ్లేసరికి 98 అవుతుంది, అది తూకంలో మోసం కిందికే వస్తుంది. గజ్జి, తామర, సోరియాసిస్ తగ్గుతాయని రాయకూడదు, అలా రాస్తే అది మందుల చట్టం పరిధిలోకి వెళ్తుంది. ఆయుర్వేదం అని రాయాలన్నా విడిగా లైసెన్సు ఉండాలి.

ప్రతి విడతకూ ఒక పేజీ రాసి పెట్టండి: తేదీ, ఏ నూనె ఎంత, ఎక్కడ కొన్నది, కాస్టిక్ డబ్బా తెరిచిన రోజు, ఆ రోజు గది వేడి, వారం వారం బరువు. ఒక్కో విడత నుంచి ఒక ముక్కను అమ్మకుండా ఏడాది పాటు దాచండి. ఎనిమిది నెలలకు ఎవరైనా మచ్చలు వచ్చాయని తెస్తే, దాచిన ముక్క పక్కన పెట్టి చూడండి. దానికీ మచ్చలుంటే నూనెను, లేకపోతే వాళ్లు సబ్బు దాచిన చోటును అనుమానించాలి.